ఎవరిస్తమ్మ చేతిరాత

కొండమీది తున్హా ఊరి చలిలో ఎవుదోసియా ఉన్ని దుప్పట్లు నేసి బతికేది. ఆమె భర్త నికనోర్‌ను ప్రభుత్వ సైన్యం బలవంతంగా పట్టుకుపోయింది. తిరుగుబాటుదారుల నుంచి గెలుచుకున్న సాన్ హిల్ పట్టణంలో కాపలా పెట్టింది. అక్కడి నుంచి నెలనెలా ఉత్తరం వచ్చేది. ఆమెకు చదువు రాదు. పక్కింటి చెప్పులు కుట్టే తిబుర్సియో చదివిపెట్టేవాడు.

"నికనోర్‌కి సంతకమే రాదు కదమ్మా! ఇది ఆడచేతి రాత. అక్కడ బానే ఉన్నట్టున్నాడు మీ ఆయన!" అని ఒకరోజు నవ్వాడు.

ఎవుదోసియా ఒళ్ళు మండింది. "రాసేదెవరో చెప్పమను" అని అతనిచేతే జవాబు రాయించింది.

తర్వాతి ఉత్తరంలో నికనోర్ చెప్పాడు. "రాసేది మేం మకాం పెట్టిన ఈ ఇంటి పెద్దావిడ ఎవరిస్తమ్మ. వాళ్ళ కోళ్ళు తిన్నదీ మేమే, వాళ్ళ పొయ్యి దగ్గర పడుకునేదీ మేమే. అయినా నీ మాట ఎత్తితే కాగితం తెచ్చుకు కూర్చుంటుంది." అడుగున ఆవిడ తన మాట కూడా చేర్చింది: "నా కొడుకు అదాన్ తిరుగుబాటులో పట్టుబడి మీ ఊరి జైల్లో ఉన్నాడు. వేడి ఊళ్ళో పెరిగినవాడు తల్లీ, చలికి ఆగలేడు."

ఎవుదోసియా తమ్ముణ్ణి చంపింది ఆ తిరుగుబాటుదారులే. మూడు రోజులు ఆమె ఆ ఉత్తరం వైపు చూడలేదు. నాలుగోనాడు, భర్త కోసం నేసిన దుప్పటి, కుండెడు బార్లీ గంజి తీసుకుని జైలుకు వెళ్ళింది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు అదాన్, పళ్ళు టకటక కొట్టుకుంటుంటే.

"మీ అమ్మచేత ఉత్తరాలు రాయించుకుంటున్నవాడి పెళ్ళాన్ని. ముందు తాగు, చల్లారిపోద్ది."

కమ్మీల మధ్య నుంచి ఆ కాగితం చూపించింది. అదాన్ నవ్వబోయి ఏడ్చాడు. "అక్షరాల తోకలు ఇంకా ఇంతింత పొడుగు లాగుతోందా!"

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆమె గంజి తెచ్చేది, అతను నేల మీద బొగ్గుతో అక్షరాలు దిద్దించేవాడు. ఏడాది తిరిగేసరికి తిబుర్సియో అవసరం లేకపోయింది. ఎవరిస్తమ్మకు ఆమె తన చేత్తో రాసిన మొదటి మాట: "మీవాడు బొద్దుగా అయ్యాడు."

యుద్ధం ముగిసింది. అదాన్ ఇంటికి నడిచాడు. నికనోర్ కుంటుకుంటూ వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. ఆ ఇద్దరాడవాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకోనేలేదు. కొన్నేళ్ళకు ఎవరిస్తమ్మ పోయిందని అదాన్ రాశాడు.

ముసలితనంలో ఎవుదోసియా ఆ ఉత్తరాల కట్ట విప్పుకుని ఎండలో కూర్చునేది. నికనోర్ వేళాకోళం చేసేవాడు: "అవి నేను చెప్పినవేగా? నన్నడుగు, మళ్ళీ చెబుతా."

"నువ్వు చెప్తే ఏముందయ్యా," అనేదామె, "ఆవిడ రాస్తేనే అవి బాగుండేవి."