కృపావరం గారి పొట్టి గేరు

కృపావరం గారికి పొడుగంటే పడదు. పొడుగాటి వస్తువు, పొడుగాటి మాట, పొడుగాటి ప్రార్థన, ఏదైనా సరే, ఆయన కంటబడిందంటే దాని ఆయుష్షు తీరినట్టే. బందరులో ఆయన ఇంటికి వెళ్తే కుర్చీలు పీటలంత ఎత్తుంటాయి. గొడుగు కర్ర ఎప్పుడో కోసేశారు కనుక, వానొస్తే ఆ గొడుగును నెత్తిన టోపీలా పెట్టుకుని బజారుకు వెళ్తారు. ఆయన బండిలో సీటు కింద జాకీ ఉన్నా లేకపోయినా ఇనుము కోసే ఆక్సా బ్లేడు మాత్రం ఉండి తీరుతుంది. ఆయన భార్య రత్నకుమారి గారు మంచి పొడగరి. "నన్నొక్కదాన్నీ వదిలేశారు, అదే పదివేలు" అంటారావిడ.

ఈ రోగం చర్చి దాకా పాకింది. పాస్టరు రాజారత్నం గారు ప్రార్థన మొదలుపెడితే ఆదాము దగ్గర మొదలుపెడతారు. ఆయన నోవహు దగ్గరికి వచ్చేసరికి వెనక బెంచీలోంచి "ఆమేన్!" అని కృపావరం గారి కేక వినపడుతుంది. ఆ కేకకు ఉలిక్కిపడి సంఘమంతా ఆమేన్ అనేస్తుంది. పాస్టరు గారు కళ్లు తెరిచి చేసేదిలేక కూర్చుంటారు. ఆ సంఘంలో ప్రార్థన ఓడ దాటి ముందుకు నడిచిన దాఖలా లేదు.

కృపావరం గారి ఐసు బండికి డ్రైవరు అబ్బులు. వరసకు ఏమీ కాకపోయినా ఆయన్ని బాబాయ్ అంటాడు. ఆయన మాత్రం అబ్బులులో చివరి అక్షరం కూడా దండగేనని "అబ్బూ" అంటారు. బందరులో ఐసు ఎత్తుకుని కోడూరు, నాగాయలంక రొయ్యల చెరువుల దాకా వెళ్లి, వచ్చేటప్పుడు రొయ్యలు తెచ్చే పికప్ అది. పక్క సీట్లో కృపావరం గారు కూర్చోవాల్సిందే. బ్లేడు అవసరం లేకుండా తనంతట తనే పొట్టిదైపోయే వస్తువు లోకంలో ఐసు ఒక్కటే, ఆయన పొడుగ్గా ఉండాలని కోరుకునేదీ అదొక్కటే.

ఆ వేసవిలో అబ్బులుకు ఒక రహస్యం వచ్చిపడింది. ఈస్టరు ముందొచ్చే మట్టలాదివారానికి ముందు ఐసు దిమ్మ దించుతుంటే జారి ఎడమ భుజం మీద పడింది. తైలం రాసుకుని ఊరుకున్నాడు. నొప్పి తగ్గింది గానీ భుజం బిగుసుకుపోయింది. చేతిలో సత్తువ ఎక్కడికీ పోలేదు, కానీ సగం చాపేసరికి చెయ్యి అక్కడే ఆగిపోతోంది. పైకెత్తడం అసలే లేదు. మీసం మొలిచినప్పటి నుంచి స్టీరింగు తప్ప ఇంకో పని ఎరగని మనిషి. గేరు మార్చే చెయ్యి సాగదని తెలిస్తే బండెవరిస్తారు? బాబాయికి తెలిసిన రోజే తన ఆఖరి ట్రిప్పని అబ్బులు భయం. ఇంట్లో భార్య సువర్ణకు కూడా చెప్పలేదు.

చర్చిలో పెద్ద చిక్కొచ్చింది. ఆరాధనప్పుడు అందరూ రెండు చేతులూ పైకెత్తి పాడతారు. అబ్బులు బాగా ఆలోచించి, ఎడమ చేత్తో పాటల పుస్తకం పట్టుకుని కుడి చెయ్యి ఒక్కటే ఎత్తడం మొదలుపెట్టాడు. ఎవరూ గమనించలేదనుకుని తృప్తిపడ్డాడు కూడా. అదేం చిత్రమో, తర్వాతి ఆదివారం నుంచి కృపావరం గారూ ఒక్క చెయ్యే ఎత్తడం మొదలుపెట్టారు.

"అదేంటండీ, దేవుడి దగ్గర కూడా పిసినారితనమేనా?" అని రత్నకుమారి గారు అందరి ముందూ అడిగేశారు.

"ఆయనకి ఒకటి కనపడదా? రెండెందుకు?" అన్నారాయన. సంఘమంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు అబ్బులు.

బండిలో మాత్రం నవ్వొచ్చేది కాదు. రెండూ నాలుగూ గేర్లు వెనక్కి లాగేవి, అవి అందుతాయి. ఒకటీ మూడూ అయిదూ ముందుకు తొయ్యాలి. మూడో గేరు కావాలంటే అబ్బులు ఒళ్లంతా స్టీరింగు మీదికి వాల్చి, ముక్కు అద్దానికి ఆనించి తోసేవాడు. అయిదో గేరుతో మాటలే మానేశాడు.

"ఏంట్రా అబ్బూ, గేరు గేరుకీ అద్దానికి ముద్దు పెడుతున్నావు?"

"దుమ్ము బాబాయ్. రోడ్డు కనపట్లేదు."

కృపావరం గారు అద్దం వంక చూశారు. పొద్దున్నే కడిగిన అద్దం తళతళలాడుతోంది.  ఆ రోజు నుంచి ఆయనకు టీ విషయంలో ఒక కొత్త పిచ్చి మొదలైంది. బండి ఆగినప్పుడల్లా అబ్బులు తాగాల్సిన టీ గ్లాసు ఆయనే తెచ్చి ఎడమవైపు ఎక్కడో పెడతారు. ఓసారి గేరు రాడ్డు పక్కన, ఓసారి ఇంకాస్త అవతల, ఓసారి డాష్‌బోర్డు మీద.

"తీసుకోరా. కుడిచెయ్యి స్టీరింగు మీద నుంచి తియ్యకు."

"బండి ఆగుంది కదా బాబాయ్!"

"అలవాటు చెడుద్ది. తియ్యకు."

దగ్గరున్న టీ తాగేవాడు. అందని టీ చల్లారిపోయేది. "నాకు చల్లటి టీయే ఇష్టం బాబాయ్" అని అబ్బులు అబద్ధమాడితే, ఆయన చీపురుపుల్లతో పళ్లు కుట్టుకుంటూ "ఊఁ" అనేవారు.

ఒకరోజు ఉన్నట్టుండి ఆయన చూపు గేరు రాడ్డు మీద పడింది. "ఇది మరీ పొడుగురా. అంత పొడుగెందుకు?" అన్నారు. అబ్బులు "బాబాయ్, వద్దు" అనేలోపే సీటు కింద నుంచి ఆక్సా బ్లేడు బయటికొచ్చింది. కరకరా కోసి, తెగిన నాబ్‌ను మిగిలిన మోడుకు టేపుతో చుట్టి, పుట్టినరోజు కేకు కోసినంత సంబరంగా చేతులు దులుపుకున్నారు.

ఇప్పుడు గేరు మోకాలి కిందికి వెళ్లిపోయింది. పైగా రాయిలా బరువు. గేరు మార్చాలంటే అబ్బులు సీట్లోంచి జారి, చెప్పు వెతుక్కునేవాడిలా కిందికి వంగాలి. మోపిదేవి దాటాక అలా వంగిన సమయానికి ఎదురుగా సైకిలు మీద వస్తున్న ఒక పెద్దాయనకు బండిలో డ్రైవరే కనపడలేదు. "వామ్మో, మనిషి లేని బండి!" అని కేకపెట్టి సైకిలుతో సహా పంటకాలవలోకి దూకాడు. కృపావరం గారే దిగి ఆయన్ని బయటికి లాగారు. "గట్టు మీద ఆగితే సరిపోయేదిగా, అంత దూరం దూకడమెందుకండీ?" అని మందలించారు కూడా.

తడిసిన పెద్దాయన అన్న మాటలు ఇక్కడ రాయడం బాగుండదు. బండెక్కాక కృపావరం గారు వంగి ఆ మోడును తడిమి చూశారు. చివరికి, "కోత తప్పు కాదురా. కోసిన చోటు తప్పు" అన్నారు.

మర్నాడు బండి గుడివాడలో మెకానిక్ మజీద్ షెడ్డుకు చేరింది. మజీద్ టేపు చుట్టిన మోడును చూసి నోరెళ్లబెట్టాడు.

"ఎవరండీ దీన్ని కోసింది?"

"నేనే. పొడుగుందని."

"ఇది చీపురు కాదండీ కృపావరం గారూ, గేరు. పైన కోస్తే దూరం తగ్గుద్ది, కానీ చేతికి అందకుండా పోద్ది, బరువూ పెరుగుద్ది. కింద ఇదిగో, ఈ గుండు మీద తూగుద్ది రాడ్డు. ఈ గుండును పైకి జరపాలి. అప్పుడు పైన కొంచెం కదిపినా కింద కదలాల్సినంత కదులుద్ది. దానికి తయారుగా సెట్టు దొరుకుద్ది, తెప్పిస్తాను. మన బండికి పట్టకపోతే లేతు మిషను మీద అరగదీయించి సరిచేయిస్తాను."

"అదీ! పొట్టిగా అయిపోవాలి" అని కృపావరం గారు మజీద్‌ను షెడ్డు చివరికి లాక్కుపోయారు. ఎవరితోనూ రెండు ముక్కలు మించి మాట్లాడని మనిషి అక్కడ నిలబడి ఎంతసేపు మాట్లాడారో! అబ్బులు దూరం నుంచి చూస్తూనే ఉన్నాడు. ఆయన ఎడమ చెయ్యి సగం చాపి ఆపుతున్నారు. మళ్లీ చాపి, మళ్లీ ఆపుతున్నారు. మజీద్ అబ్బులు వైపు తిరిగి జాలిగా తలూపాడు.  అయిపోయింది, తెలిసిపోయింది, కొత్త డ్రైవరును చూడమంటున్నారు అనుకున్నాడు అబ్బులు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

సెట్టు వచ్చింది. అనుకున్నట్టే అది వేరే బండి సైజు. లేతు దగ్గరికి తీసుకెళ్లి, మజీద్ కొన్నాళ్లు దానితో కుస్తీ పట్టి బిగించాడు. బండి తెచ్చుకోవడానికి ఇద్దరూ గుడివాడ వెళ్లారు. కృపావరం గారు టీ కొట్టు వైపు వెళ్లగానే మజీద్, "కూర్చోండి అబ్బులు గారూ, మీకు సరిపోయిందో లేదో చూద్దాం" అన్నాడు.

అబ్బులు బెరుకుగా కూర్చున్నాడు. రాడ్డు సీటు వైపు కాస్త వంగి ఉంది. చెయ్యి వేశాడు. ఒకటి పడింది. మూడు పడింది. మణికట్టు కదిపినంతే, భుజానికి కబురే తెలియలేదు. కొంచెం గట్టిగా తొయ్యాల్సి వచ్చింది గానీ, తొయ్యడానికి సత్తువకేం లోటు? అయిదులోకి తోశాడు. అదీ పడింది. చెయ్యి ఆగిపోయే చోటుకు వేలెడు ఇవతలే ఆగింది గేరు.

"ఇంత కచ్చితంగా ఎలా కుదిరింది భాయ్?"

మజీద్ జేబులోంచి ఒక చీపురుపుల్ల తీశాడు. దాని మీద ఒకచోట గోటితో నొక్కిన గుర్తుంది. "మీ బాబాయి గారిచ్చిన కొలత ఇదే. సీటు నుంచి ఇక్కడిదాకానే మావాడి చెయ్యి వెళ్తుంది, ఇది దాటితే ఊరుకోనన్నారు. టీ గ్లాసు పెట్టి కొలిచారట కదా? డ్రైవరును మార్చడం తేలిక కదండీ అన్నాను, నోరు జారి. నన్ను కొట్టలేదంతే!"

అబ్బులు ఆ పుల్లను అటూ ఇటూ తిప్పి చూశాడు. తాగకుండా పారబోసిన టీలన్నీ గుర్తొచ్చాయి. 

తిరుగు దారిలో బండి గుడ్లవల్లేరు దాటి అయిదో గేరులో హాయిగా పోతోంది. అబ్బులు ఉండబట్టలేకపోయాడు.

"బాబాయ్, మట్టలాదివారం ముందు ఏమైందంటే, ఐసు దింపుతుంటే..."

"తెలుసు. అంత పొడుగెందుకు?"

"ఎప్పట్నుంచి తెలుసు?"

"పాటలన్నీ నోటికొచ్చినవాడు పుస్తకం పట్టుకున్నప్పట్నుంచి. అదీ తలకిందులుగా."

"మరి అడగలేదేం?"

"అడిగితే నువ్వు అబద్ధం చెప్పాలి, నేను వినాలి. రెండూ పొడుగు పనులు."

 అబ్బులు ఏదో తట్టినట్టు పక్కకు తిరిగి, "అయితే మీరు కూడా ఒక్క చెయ్యే ఎత్తుతున్నది..." అన్నాడు.

"రోడ్డు చూడరా!" అన్నారు కృపావరం గారు, కిటికీ వైపు మొహం తిప్పుకుని.

సోమవారం ఆయనే అబ్బులును బందరులో డాక్టరు దగ్గర కూర్చోబెట్టారు. రోజూ వ్యాయామాలు చెయ్యాలి, భుజం విడవడానికి చాలాకాలం పడుతుందన్నాడు డాక్టరు. అబ్బులు భయంభయంగా బాబాయి వంక చూశాడు. "పట్టనివ్వండి" అన్నారాయన. ఆ మాట రత్నకుమారి గారు ఇప్పటికీ నమ్మడం లేదు.

ఆదివారం అబ్బులు తనే లేచి భుజం కోసం ప్రార్థించమని అడిగాడు. పాస్టరు గారు ఎప్పటిలాగే ఆదాము దగ్గర మొదలుపెట్టారు. నోవహు వచ్చాడు. సంఘమంతా వెనక బెంచీ వైపు చెవులు రిక్కించింది. కేక లేదు. ఓడ కొండెక్కింది, అబ్రాహాము బయల్దేరాడు, మోషే సముద్రం దాటాడు. పాస్టరు గారికి చెమటలు పట్టాయి. ఇన్నేళ్లుగా ముగింపు కృపావరం గారే చూసుకునేవారు కనుక ప్రార్థన ఎలా ఆపాలో ఆయన మర్చిపోయారు. ఒక కన్ను తెరిచి దీనంగా వెనక బెంచీ వైపు చూశారు. కృపావరం గారు కళ్లు గట్టిగా మూసుకుని, ఒక చెయ్యి పైకెత్తి, రాయిలా కూర్చుని ఉన్నారు.

పాస్టరు గారు దావీదును కూడా దాటేస్తుంటే, చివరికి అబ్బులే జాలిపడి ఆమేన్ అన్నాడు.