క్లాసుకు రాకపోవడానికి కారణం

నాకు పద్నాలుగేళ్ళప్పుడు మా ఊరి సుపేలా బజారులో ఒక కంప్యూటర్ ముందు కూర్చుని నాలుగు ముక్కలు టైపు చేశాను. వాటిని అడ్డం పెట్టుకుని మా నాన్నను పనిలోంచి తీసేశారు. ఆ తప్పు నాదేనని చాలా ఏళ్ళు మోశాను. ఇప్పుడు మోయడం లేదు. కోపం మాత్రం అలాగే ఉంది. తగ్గితే వాళ్ళు చేసింది చిన్న విషయమని ఒప్పుకున్నట్టే అవుతుందని తగ్గనివ్వను కూడా.

మా తాత విజయనగరం దగ్గరి పల్లె నుంచి ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో స్టీల్ ప్లాంటు కట్టడానికి వచ్చిన కూలీల్లో ఒకడు. ప్లాంటు లేచాక ఆయనకు కూలీల బస్తీ క్యాంప్ 1లో రెండు గదుల ఇల్లు మిగిలింది గానీ ప్లాంటులో ఉద్యోగం దొరకలేదు. మా నాన్నకూ దొరకలేదు. ఆయన ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ప్రైవేటు ఫౌండ్రీలో చేరాడు. ఇసుకతో అచ్చులు కట్టడం, కరిగిన ఇనుము వాటిలో పోయించడం ఆయన పని. పదహారేళ్ళు చేశాడు. స్నానం చేసి వచ్చాక కూడా చెవుల వెనక నల్లటి ఇసుక ఉండేది. అమ్మ తడిగుడ్డతో తుడుస్తూ విసుక్కునేది.

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమై ఆరేడేళ్ళయిన రోజులు. ఒక సాయంత్రం నాన్న ఒక రంగుల కాగితం తెచ్చాడు. ఉద్యోగుల పిల్లలకు కంప్యూటర్ మీద ట్యూషన్, ఉచితం, ఇది కంపెనీ మీ కుటుంబానికి ఇస్తున్న కానుక అని హిందీలో రాసి ఉంది. నాన్నకు హిందీ మాట్లాడటం వచ్చు, చదవడం నిదానం. నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు.

"ప్లాంటోళ్ళ సెక్టర్ల పిల్లలకి కోచింగులున్నాయి. మనకీ ఇప్పుడొక టీచరున్నాది" అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం నాకు ఇంకా గుర్తుంది. అందుకే నాకు ఇంత కోపం.

సుపేలా మెయిన్ రోడ్డు మీద, మోటారు సామాన్ల షాపు పైన, కంపెనీ ఒక గది అద్దెకు తీసుకుంది. ఆరు కంప్యూటర్లు, ఆరు హెడ్‌ఫోన్లు. నా వంతు ఆదివారం మధ్యాహ్నం, బుధవారం సాయంత్రం. టీచరు ఏ ఊళ్ళో ఉండేదో తెలియదు. అడిగితే చెప్పకూడదని అంది. దీదీ అని పిలిచేదాన్ని. గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చేది. కింద రోడ్డు మీద బస్సుల హారన్లకు అది కూడా వినపడేది కాదు. అందుకని ఎక్కువగా టైపు చేసుకునేవాళ్ళం, ఇంగ్లిష్ అక్షరాల్లో హిందీ.

ఆమె బాగా చెప్పేది. అది దాచను. స్కూల్లో మాస్టారు బోర్డు మీద సమీకరణం రాసి చెరిపేసేవాడు. దీదీ మాత్రం నేను ఎక్కడ ఆగానో అక్కడే ఆగేది. మూడు నెలల్లో నాకు బీజగణితమంటే భయం పోయింది. పాఠం మొదలుపెట్టే ముందు ఈరోజు ఏం తిన్నావు, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగేది. నన్ను అలా అడిగిన పెద్దవాళ్ళు అంతకు ముందు ఎవరూ లేరు. అందుకని అన్నీ చెప్పేదాన్ని.

ఆ వానాకాలంలో ఫౌండ్రీలో కరిగిన ఇనుము తొణికి ఒకాయన పాదం కాలిపోయింది. ఆయన మా నాన్న స్నేహితుడు, నేను బాబాయి అనేదాన్ని. బూటు కోసి తీయాల్సి వచ్చింది. కంపెనీ రిజిస్టర్లో మాత్రం డ్యూటీ అయ్యాక ఇంటికి వెళుతూ రోడ్డు మీద పడ్డాడని రాశారు. రోడ్డు మీద పడితే పాదం ఎలా కాలుతుందని అడగడానికి లోపల ఎవరూ లేరు. యూనియన్ ఉంటే అడుగుతారు. ఆ ఫౌండ్రీలో యూనియన్ లేదు.

ఒక ఆదివారం తొమ్మిదిమంది మా ఇంటికి వచ్చారు. బాబాయి కాలికి కట్టుతో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తలుపు దగ్గర ఒక ఛత్తీస్‌గఢీ ఆయన ఉన్నాడు. ఇనుము కరిగించే భట్టీ దగ్గర పనిచేస్తాడు కాబట్టి మేము పిల్లలం భట్టీ అంకుల్ అనేవాళ్ళం. దుర్గ్ అవతల పల్లె నుంచి రోజూ సైకిల్ మీద వచ్చే మనిషి, పది మాటలకు ఒక మాట మాట్లాడేవాడు. అమ్మకు ఆరోజు జ్వరం. అందరికీ టీ నేనే పెట్టాను. క్లాసుకు వెళ్ళలేదు.

బుధవారం దీదీ అడిగింది, ఆదివారం ఎందుకు రాలేదని. నేను టైపు చేశాను: "పాపా కే ఫ్యాక్టరీ సే అంకుల్ లోగ్ ఆయే థే. యూనియన్ బనానే కీ బాత్ థీ. చాయ్ బనానీ థీ." నాన్న ఫ్యాక్టరీ వాళ్ళు వచ్చారు, యూనియన్ పెట్టడం గురించి మాట్లాడుకున్నారు, టీ పెట్టాల్సి వచ్చింది, అంతే. అందరికీ నువ్వే పెట్టావా, ఎంతమంది అని ఆమె అడిగింది. తొమ్మిదిమంది అన్నాను గొప్పగా. నవ్వు బొమ్మ పంపింది. తర్వాత వర్గ సమీకరణాలు చేసుకున్నాం.

పది రోజులు తిరక్కుండా నాన్న మధ్యాహ్నం పన్నెండింటికి ఇంటికి వచ్చాడు. చేతిలో టిఫిన్ డబ్బా విప్పలేదు.

"ఏటైనాది? ఒంట్లో బాగుందా?" అంది అమ్మ.

"పన్లోంచి తీసీసినారు. నన్నూ, తమ్ముణ్ణీ" అన్నాడు. తమ్ముడంటే బాబాయి.

"ఎందుకని?"

"ఆర్డర్లు తగ్గిపోనాయంట."

ఆయన నా వైపు చూడలేదు. అప్పుడు నాకు అది తెలియలేదు. తర్వాత గుర్తు చేసుకుంటే తెలిసింది, ఆ రోజు నుంచి చాలా రోజులు నా వైపు చూడకుండానే మాట్లాడాడు. కోపంతో కాదు. చూస్తే నాకు తెలిసిపోతుందని.

ఆ తర్వాత మొదలైంది అసలు ఘోరం. మీటింగు జరిగిందని కంపెనీకి తెలుసు. ఎక్కడ జరిగిందో, ఎంతమంది వచ్చారో కూడా తెలుసు. కాబట్టి తొమ్మిదిమందిలో ఎవడో చెప్పాడు. ఎవడు? తెలుగువాళ్ళందరూ కలిసి భట్టీ అంకుల్ మీదికి వేలు చూపించారు. తక్కువ మాట్లాడతాడు, మన మనిషి కాదు, తలుపు దగ్గర కూర్చున్నాడు. ఇవే సాక్ష్యాలు. షిఫ్టులో ఆయనతో కలిసి తినడం మానేశారు. ఒకరోజు ఆయన సైకిల్ టైర్లు రెండూ కోసేశారు. పాదం కాలిన బాబాయే మా గుమ్మంలో నిలబడి, "ఆడి సంగతి సూస్తాను" అని అరిచాడు. నాన్న, "ఆడు కాదు, వొదిలీ" అన్నాడు. "మరెవడు?" అంటే మాత్రం లోపలికి వెళ్ళిపోయాడు.

ఒక ఉదయం భట్టీ అంకుల్ స్వయంగా మా ఇంటికి వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు. "భయ్యా, నేను చెప్పలేదు. నా పిల్లల మీద ఒట్టు" అన్నాడు హిందీలో. నాన్న నన్ను బయటికి వెళ్ళమన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి పరదా వెనక నిలబడ్డాను.

"నువ్వు కాదని నాకు తెలుసు భయ్యా. కంపెనీ పర్సనెల్ ఆఫీసులో నాకు కాగితం చూపించారు. మా అమ్మాయి ట్యూషన్ రిపోర్టు అది. క్లాసుకు రాకపోవడానికి కారణం అని ఒక గడి ఉంది. అందులో మా ఇల్లు, మీటింగు, తొమ్మిదిమంది, అన్నీ ఉన్నాయి. పిల్ల పేరు బయటికి వస్తుందని నోరు మూసుకున్నాను. నీకు అన్యాయం చేశాను" అన్నాడు నాన్న.

భట్టీ అంకుల్, "బచ్చీ హై, ఉస్‌కో మత్ బతానా" అన్నాడు. చిన్నపిల్ల, తనకు చెప్పకు అని. సైకిల్ టైర్లు కోయించుకున్న మనిషి అన్న మాట అది.

నేను పరదా తోసుకుని బయటికి వచ్చేశాను. ఏడుస్తూ ఏం మాట్లాడానో గుర్తులేదు. నాన్న నన్ను పట్టుకుని, "నువ్వేటి తప్పు సేసినావు? టీచరడిగింది, నిజం సెప్పినావు" అన్నాడు. అమ్మ మాత్రం అలా అనలేదు. "ఇంటి మాటలు ఊరికి సెప్పమన్నదెవులు నిన్ను? నోరు కట్టుకోనేవా?" అంది. ఆ మాట ఏళ్ళ తరబడి అంటూనే ఉంది.

మర్నాడు బుధవారం. నాన్న పని పోయాక వెళ్ళడం మానేసిన సుపేలా గదికి వెళ్ళాను. మనిషిని ఒక్క పూటలో పంపించేసిన కంపెనీకి ఆ మనిషి కూతురి పాస్‌వర్డ్ తీసేయడం గుర్తులేదు. దీదీ వచ్చింది, ఏం తిన్నావని అడిగింది. నేను రాసింది నువ్వు కంపెనీకి పంపావా అని అడిగాను.

జవాబు వచ్చింది. ప్రతి క్లాసు తర్వాత ఒక ఫారం నింపాలి, పిల్లలు చెప్పింది చెప్పినట్టు రాయాలి, డబ్బు కట్టేది మీ కంపెనీ కాబట్టి అది వాళ్ళకు వెళుతుంది, ఏమైంది అని. మా నాన్నను తీసేశారని రాశాను. ఒకే ముక్క వచ్చింది: "ఇక్కడ ఏమీ రాయకు. ఇది కూడా వెళుతుంది."

ఆమెకు తెలుసు. నా పాఠం ఎక్కడికి వెళుతుందో మొదటి రోజు నుంచి తెలుసు. ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగినప్పుడూ తెలుసు. యూనియన్ అంటే ఏమవుతుందో తెలియకపోయి ఉండవచ్చు. ఆమె కూడా ఎక్కడో ఒక కుర్చీలో కూర్చుని గడులు నింపే జీతగత్తే. అయినా ఆ ఒక్క హెచ్చరిక మూడు నెలల ముందు ఇవ్వలేకపోయిందా?

వెళ్ళనీ అని రాశాను. ఇక ఆపలేదు. బాబాయి పాదం లోపలే కాలిందని, బూటు ఎవరు కోశారో, ఏ షెడ్డులో కోశారో మా నాన్న చూశాడని రాశాను. ట్యూషన్ అని పిలిచి పిల్లల చేత తండ్రుల మీద చాడీలు చెప్పించుకునేవాళ్ళు మీ పిల్లల ముఖం ఎలా చూస్తారని రాశాను. సగం అక్షరాలు తప్పులు. దీదీ ఆపమనలేదు. టైము అయిపోయి తెర మూసుకుపోయేదాకా రాశాను. మరుసటి ఆదివారానికి నా పాస్‌వర్డ్ పనిచేయలేదు. ఆ కాగితం ఎవరి బల్ల మీదికి వెళ్ళిందో, చదివారో లేదో తెలియదు.

ఆ ఆదివారమే నేను నాన్నతో, అందరినీ పిలువు, నేను చెప్తాను అన్నాను. వద్దన్నాడు. భట్టీ అంకుల్ సైకిల్ గుర్తుచేస్తే కాదనలేకపోయాడు. బాబాయి ఇంటి వసారాలో ఆ తొమ్మిదిమందీ కూర్చున్నారు, భట్టీ అంకుల్ మళ్ళీ తలుపు దగ్గరే. నేను నిలబడి చెప్పాను. "నానే సెప్పినాను, ట్యూషన్‌లో. ఈయన కాదు." ఆయన కోసం అదే హిందీలో మళ్ళీ చెప్పాను.

ఎవరూ నన్ను తిట్టలేదు. బాబాయి లేచి, కుంటుకుంటూ వెళ్ళి భట్టీ అంకుల్ పక్కన నేల మీద కూర్చున్నాడు. రెండు రోజుల తర్వాత ఆ సైకిల్‌కు కొత్త టైర్లు వేయించాడని విన్నాను. అది క్షమాపణ అవుతుందో లేదో నాకు తెలియదు.

ఆ వారంలో క్యాంపులో అమ్మలు పిల్లల్ని ఆ ట్యూషన్‌కు పంపడం మానేశారు. పంపమని సూపర్‌వైజర్లు తండ్రుల మీద ఒత్తిడి తెచ్చినా పంపలేదు. కొన్నాళ్ళకు మోటారు సామాన్ల షాపు పైగది ఖాళీ అయింది. నాన్నకు ఆ ఉద్యోగం తిరిగి రాలేదు. సుపేలాలోనే ఒక గ్రిల్ షాపులో వెల్డింగ్ పనికి కుదిరాడు. లేబర్ ఆఫీసులో ఇచ్చిన అర్జీకి జవాబు రాలేదు. నాలుగేళ్ళ తర్వాత ఆ ఫౌండ్రీలో యూనియన్ వచ్చింది. దరఖాస్తు మీద మొదటి సంతకం భట్టీ అంకుల్‌దట. నాకు తొమ్మిదో తరగతి లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి. రిపోర్టు కార్డు నాన్నకు చూపించడానికి వారం రోజులు పట్టింది.

పెళ్ళయ్యాక ఒకసారి అడిగాను, ఆ రోజుల్లో నన్ను ఒక్క మాటైనా ఎందుకు అనలేదని. జీవితంలో మొదటిసారి నాన్న నా మీద గట్టిగా అరిచాడు.

"ఏటనాల నిన్ను? పిల్ల సేత గూఢచారి పని సేయించినోడు దర్జాగా కుర్చీలో కూకున్నాడు. ఆణ్ణి ఒక్కడూ ఏటీ అననేదు. నువ్వెందుకు పడాల మాటలు? టీచరుతో మాటాడ్డానికి పిల్ల భయపడాలంటే, నానేటి తండ్రిని?"

అని, వెల్డింగ్ అద్దాలు తీసుకుని పనికి వెళ్ళిపోయాడు. ఆ రోజు అమ్మ నాకు అన్నం వడ్డిస్తూ నోరు కట్టుకోమని అనలేదు.