ఫ్లెక్సీ మీద సగం మాట

హన్మకొండలో మేమిద్దరం ఒకే జూనియర్ కాలేజీలో కంప్యూటర్లు చెప్పేవాళ్లం. నాకంటే పెద్దవాడు కాబట్టి ఆయన్ని అన్నా అనేవాణ్ని. ఆయన ఇంట్లో ఒక కంప్యూటర్ ఎప్పుడూ నడుస్తూనే ఉండేది. బ్లాక్‌చెయిన్‌లోని లావాదేవీలన్నీ, అంటే ఆ డిజిటల్ డబ్బు ఖాతాపుస్తకం మొత్తం, మొదటి నుంచీ అందులో ఉండేవి. ఎవరి మాటా నమ్మొద్దు, ఎవరికి వారే సరిచూసుకోవాలి. మా వాట్సాప్ గ్రూపుకు అదే వేదం.

ఆ గ్రూపులో ఒక తగువు మొదలైంది. లావాదేవీలు ఎక్కువ పట్టేలా ఆ పుస్తకంలో పేజీ లాంటి ఒక్కో బ్లాకును పెద్దది చెయ్యాలని బయట కొందరు అంటున్నారు. అలా చేస్తే ఇళ్లలోని కంప్యూటర్లు మొయ్యలేవు, హద్దు ఉండాల్సిందేనని మా వాదన. అన్న మా వైపే. ఒకరోజు గ్రూపులో ఇలా రాశాడు:

"బ్లాక్ పెద్దగైతేనే అందరికి జాగ దొరుకుతది. నిజమే. కని వర్ధన్నపేటల ఉన్న రైతు తన ఇంట్ల కంప్యూటర్ల అంత తనే సూసుకోలేకపోతే ఆ జాగ ఎందుకు? హద్దు ఉండాలె."

ఎవరో 'నిజమే' దగ్గర కత్తిరించి, ఆ ముక్కను ఫొటోగా అవతలివాళ్ల గ్రూపులో పెట్టారు. అక్కడ చప్పట్లు. తిరిగి తిరిగి అది మా గ్రూపుకే వచ్చింది. "సారు అమ్ముడుపోయిండు" అన్నారు మావాళ్లు. మొత్తం మాట అదే గ్రూపులో, కాస్త పైన ఉంది. కోడిగుడ్డు మీద ఈకలు పీకే ఈ మొనగాళ్లకు వేలితో పైకి జరిపి చూసే తీరిక లేకపోయింది. నేను మొత్తం మళ్లీ పెట్టి, నోటికొచ్చినట్టు తిట్టాను. "ఇప్పుడు సర్దుకుంటాండ్లు" అని నవ్వారు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"ఇడిసిపెట్టు తమ్మీ," అన్నాడు అన్న. "ఎనుకకు పొయి సూసుకోండ్రి అనే గద మనం ఇన్నేండ్లు చెప్పింది. నా మాట సూడుండ్రని ఇప్పుడు బతిలాడాల్నా?"

గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఇంట్లో కంప్యూటర్ కట్టేశాడు. స్టాఫ్ రూములో చాయ్ దగ్గర కూడా ఆ ఊసెత్తేవాడు కాదు. నేను ఎత్తితే సిలబస్ గురించి మాట్లాడేవాడు.

మరుసటి వానాకాలం గుండెపోటుతో పోయాడు. దవాఖానకు తీసుకుపోయే వ్యవధి కూడా ఇవ్వలేదు.

దినాలనాడు మా గ్రూపువాళ్లు ఒక్కరూ రాలేదు. అవతలి గ్రూపు కుర్రాళ్లు మాత్రం ఎనుమాముల రోడ్డులో ఫ్లెక్సీ కొట్టించుకుని వచ్చారు. వాళ్లది నిజమైన ప్రేమే, కళ్లు తుడుచుకుంటూ గేటుకు కట్టారు. అన్న ఫొటో కింద పెద్ద అక్షరాల్లో "బ్లాక్ పెద్దగైతేనే అందరికి జాగ దొరుకుతది" అని ఉంది.

వదినె దగ్గరికొచ్చి దాన్ని చదివింది.

"అందరికి జాగ అన్నడా తమ్మీ? మంచిగున్నది. మీ అన్న మాటనేనా ఇది?"

ఆమె మొహంలో అప్పుడే కాస్త వెలుగు కనపడింది.

"అన్న మాటనే వదినె" అన్నాను, మిగతా సగం కలపకుండా.

నేను అబద్ధం చెప్పలేదు. ఆ రోజు ఆ ముక్కను ఫొటోగా పెట్టినవాడూ అబద్ధం చెప్పలేదు.