సాయంత్రం ఐదింటి తెల్లవారుజాము

మేస్త్రమ్మ రాత్రి ఎనిమిదికి నిద్రపోతుంది. ఇంటికి చుట్టాలొచ్చినా, టీవీలో కథ మంచి పట్టు మీదున్నా, ఎనిమిదయ్యేసరికి ఆమె తల దిండు వెతుక్కుంటుంది. తెల్లవారుజామున మూడింటికి అలారం లేకుండా లేస్తుంది. నాలుగింటికి హేచరీలో తన బల్ల ముందు ఉంటుంది. పాతికేళ్లుగా ఇదే వరస.

హేచరీలో పొదిగే యంత్రాల తలుపులు తెరిచేది ఆ నాలుగింటికే. అప్పుడే గుడ్డు పగలగొట్టుకుని బయటపడ్డ కోడిపిల్లల్లో పుంజు ఏదో పెట్ట ఏదో తేల్చడం ఆమె పని. పిల్లను ఎడమ చేతిలోకి తీసుకుని, వెల్లకిలా తిప్పి, తోక కింద బొటనవేలితో సుతారంగా విప్పి, దీపం వెలుగులో చూడాలి. ఆవగింజలో సగం కూడా లేని ఒక బుడిపె కనిపిస్తే పుంజు. చూసేది రెప్పపాటు. ఆ వెంటనే పిల్ల ఒక డబ్బాలోకో రెండో డబ్బాలోకో వెళ్లిపోవాలి. పిల్ల పుట్టి ఒక రోజు దాటిందంటే ఆ గుర్తు మసకబారి, ఎంత చేయి తిరిగినవాళ్లయినా తడబడతారు. మేస్త్రమ్మ గంటకు తొమ్మిది వందలు చూసేది. ట్రేలు కడగడానికి చేరిన మనిషి, ఒక ముసలాయన వెనకాల నిలబడి చూసి చూసి నేర్చుకుంది. ఆ తర్వాత తను నలుగురికి నేర్పింది. మేస్త్రమ్మ అన్న పేరు అలా వచ్చిందే.

ఎనిమిది నెలల కిందట హేచరీ కొత్త జాతి గుడ్లు తెప్పించింది. ఆ జాతిలో గోధుమరంగు పిల్లలు పెట్టలు, పసుపువి పుంజులు. దీపం అక్కర్లేదు, వేళ్లు అక్కర్లేదు. మేస్త్రమ్మను డబ్బాలు లెక్కపెట్టే చోట కూర్చోబెట్టారు. జీతం తగ్గించలేదు. స్కూలు బస్సు నడిపే ఆమె భర్త, పోనీలే కళ్లకు విశ్రాంతి అన్నాడు. ఆ మాటకు ఆమె రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

అందుకే సెలవు మీద వచ్చిన మరిది కబురు తెచ్చినప్పుడు చేతిలో గరిటె పొయ్యి మీదే వదిలేసింది. మరిది ఆమె దగ్గర పని నేర్చినవాడు, రెండేళ్లుగా విదేశంలో ఒక పెద్ద హేచరీలో చేస్తున్నాడు. అక్కడ పాత జాతులే పెంచుతారట. చేయి తిరిగిన మనిషి ఇంకొకరు కావాలట. పరీక్ష ఉంటుంది. నాలుగు వందల పిల్లల్ని అరగంటలో చూడాలి, ఎనిమిదికి మించి తప్పులు పోకూడదు. గట్టెక్కితే వెంటనే పని. లేకపోతే తొమ్మిదో రోజున తిరుగు విమానం, మళ్లీ డబ్బాల లెక్క. ఆమెకు నలభై తొమ్మిదేళ్లు. ఇలాంటి పిలుపు ఇంకోటి రాదని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

“చేయి సంగతి నాకు భయం లేదు వదినా. నీ నిద్రతోనే చిక్కు,” అన్నాడు మరిది.

అక్కడి గడియారం ఇక్కడి కంటే పదకొండు గంటలు వెనక. పరీక్ష శుక్రవారం పొద్దున తొమ్మిదికి. అంటే ఇంట్లో రాత్రి ఎనిమిది. మొదటిసారి వెళ్లినప్పుడు తను మూడు రోజులు గోడకు ఆనుకుని నిద్రపోయాననీ, దాన్ని జెట్‌ల్యాగ్ అంటారనీ, దానికో పద్ధతి ఉందనీ వివరించి, ఆ పద్ధతిని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాడు. ప్రయాణానికి వారం ముందు నుంచి రోజుకో గంట ఆలస్యంగా పడుకోవాలి. విమానం ఎక్కగానే అక్కడి టైముకే తినాలి. దిగాక ఎంత ముంచుకొచ్చినా పగలు పడుకోకూడదు, ఎండలో నడవాలి.

మొదటి రాత్రే పద్ధతి బోల్తా కొట్టింది. తొమ్మిది దాకా మేలుకో అంటే, ఎనిమిదిన్నరకు అన్నం కలుపుతూ కలుపుతూ పళ్లెం మీదికి ఒరిగింది. కూతురు ఫోనులో వీడియో తీసింది. భర్త ఆమె చేతిలోంచి ముద్ద తీసి పళ్లెంలో పెట్టి, తనకిది కొత్తేమీ కాదన్నట్టు చేయి కడిగించాడు. రెండో రాత్రి మరిది ఆమెను వీధిలో నాలుగు చుట్లు తిప్పాడు. మూడో చుట్టులో ఆమె పక్కింటి గేటు తీసుకుని లోపలికి వెళ్లబోయింది. ఆ తర్వాత ఎవరూ పద్ధతి మాట ఎత్తలేదు.

మంగళవారం అక్కడ పొద్దున పదకొండింటికి దిగారు. పాస్‌పోర్టు చూసే వరసలో ఆమె ముందున్నావిడ వీపు మీద రెండుసార్లు తల ఆనించింది. బసకు చేరాక మరిది కర్టెన్లన్నీ బార్లా తీశాడు. కుర్చీని కిటికీ దగ్గరికి లాగి, ఎండ మొహం మీద పడేలా ఆమెను కూర్చోబెట్టాడు. ఇంకా మూడు రోజులుంది, ఈ మూడు రోజుల్లో నీ నిద్రని, నిన్నూ తిరగేస్తానని ధీమాగా చెప్పాడు. అతని కళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి.

పన్నెండున్నరకు హేచరీ మేనేజరు ఫోను చేశాడు. గుడ్లు యంత్రంలో పెట్టిన తేదీ రాయడంలో పొరపాటు జరిగి, శుక్రవారం వస్తాయనుకున్న పిల్లలు ఇవాళే పెంకులు పగలగొడుతున్నాయట. సాయంత్రానికి అన్నీ బయటపడతాయి. ఇదే జాతి మళ్లీ పొదిగేది మూడు వారాల తర్వాతే. మేనేజరు మంచివాడు. ఇప్పుడే దిగారు గనక ఈ రాత్రి పడుకుని, రేపు తొమ్మిదికి రమ్మన్నాడు. పిల్లలు కాస్త ముదిరినా ఫరవాలేదు, సర్దుకుందామన్నాడు.

మరిది థాంక్స్ మీద థాంక్స్ చెబుతుంటే, కుర్చీలో కళ్లు మూసుకున్న మేస్త్రమ్మ చేయెత్తి ఆపింది. ఏమన్నాడని అడిగింది. విని కళ్లు తెరిచింది.

“రేపు తొమ్మిదంటే మనింట్లో ఎంత?”

“అదే ఎనిమిది. కానీ ఒక రాత్రి దొరుకుతుంది కదా వదినా.”

“ఎనిమిదింటికి నేను పళ్లెంలో ఉంటాను. పిల్లలేమో ముదిరిపోతాయి. ఇవాళ సాయంత్రం ఐదంటే ఎంత?”

మరిది వేళ్ల మీద లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

“తెల్లవారుజాము నాలుగు.”

“ఐదింటికి వస్తున్నామని చెప్పు.”

“దిగిన రోజే పరీక్షా? ఎవరైనా వింటే నవ్వుతారు.”

“నవ్వనీ. పాతికేళ్లు నాలుగింటికి చేసిన పని. ఈ ఒక్కరోజుకి నన్ను తిరగేయకుండా వదిలెయ్యి నాయనా. ముందు ఆ కర్టెన్లు ముయ్యి.”

మరిది మూశాడు. ఆమె మూడు గంటలు మొద్దులా పడుకుంది. దిగాక పగలు నిద్రపోకూడదన్న పద్ధతిని మరిది మాత్రం తప్పలేదు. బయట ఎండలో పచార్లు చేశాడు. నాలుగింటికి తలుపు కొట్టడానికి వచ్చేసరికి ఆమె అప్పటికే లేచి, మొహం కడుక్కుని, జుట్టు గట్టిగా ముడేసుకుని, గిన్నెడు వేడినీళ్లలో వేళ్లు ముంచుకుని కూర్చుంది. వేళ్లు చల్లగా ఉంటే పిల్లలు బిగుసుకుంటాయి.

అక్కడి హేచరీలోనూ అదే వెచ్చటి గాలి, అదే నూగు వాసన, గోడల్ని మోగించే అదే కిచకిచలు. గుమ్మంలో అడుగుపెట్టగానే మేస్త్రమ్మ నడక మారిపోయింది. మరిది వెనకబడ్డాడు. బల్ల దగ్గర పుంజుల డబ్బా కుడివైపు పెట్టి ఉంది. ఆమె అడక్కుండానే రెండు డబ్బాల్నీ అటూ ఇటూ మార్చింది, దీపాన్ని జానెడు కిందికి దించింది. మేనేజరు గడియారం నొక్కాడు.

మొదటి ఇరవై పిల్లలు గండం. ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్న బొటనవేలు ఒక్కో పిల్ల దగ్గరా ఆగి ఆలోచించింది. పన్నెండో పిల్లను రెండుసార్లు చూసింది. యాభై దాటాక చేతులు వాటంతట అవే కదలడం మొదలెట్టాయి. నూరు దాటాక ఆమె బల్ల వైపు చూడటం మానేసి దీపం వెలుగులోని పిల్లనే చూసింది. ఒక చేతిలో పిల్ల ఉండగానే రెండో చెయ్యి తర్వాతిదాన్ని అందుకుంటోంది. ఎడమ, కుడి, కుడి, ఎడమ. పక్క బల్లల వాళ్లు పని ఆపి చుట్టూ మూగారు. ఎవరో నోటితో లెక్క మొదలెడితే మేనేజరు వేలు చూపించి ఆపాడు. నాలుగువందలవ పిల్ల డబ్బాలో పడేసరికి ఇరవై ఆరు నిమిషాలు.

తప్పులు చూసేది ఒక పెద్దావిడ, మెడలో భూతద్దం. ఒక్కో పిల్లనూ మళ్లీ విప్పి చూసి, తప్పు డబ్బాలో పడినదాన్ని చిన్న అట్టపెట్టెలో వేస్తుంది. అంతసేపూ మేస్త్రమ్మ ఆ పెట్టె మీంచి చూపు తిప్పలేదు. చివరికి పెద్దావిడ పలక మీద ఏడు అని వేసింది. చుట్టూ చప్పట్లు. మేనేజరు చెయ్యి చాచాడు. గోడకు ఆనుకున్న మరిది అలాగే కిందికి జారి కూర్చుని, రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

మేస్త్రమ్మ ఆ పెట్టె ఇమ్మంది.

ఏడింటినీ ఒక్కొక్కటే దీపం కింద పెట్టి చూసింది. ఆరింటికి తల ఊపింది. ఏడోదాని దగ్గర ఆగి, పెద్దావిడ వైపు చాపింది.

“ఇది పుంజే. నేను వేసింది సరైందే. చెప్పు ఆవిడకి.”

“వదినా, గట్టెక్కావు కదా, ఇప్పుడు పేచీ ఎందుకు?” మరిది కింద నుంచే బతిమాలాడు.

“చెప్పు.”

చెప్పాడు. పెద్దావిడ భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. దీపం ఇంకాస్త దగ్గరికి లాగింది. తర్వాత మేస్త్రమ్మను ఎగాదిగా చూసి, పలక మీద ఏడు చెరిపేసి ఆరు వేసింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వుకు మరిది అవసరం రాలేదు.

కాగితాల మీద సంతకాలు రేపు చేద్దామనీ, సోమవారం నుంచి పనిలో చేరవచ్చనీ, ఇప్పుడు వెళ్లి హాయిగా పడుకోమనీ మేనేజరు చెప్పాడు. మరిది ఆవలిస్తూ ఆ మాటలన్నీ ఆమెకు అందించాడు. మేస్త్రమ్మ గోడవారగా పేర్చిన ట్రేల వైపు చూసింది. ఇంకా రెండు వేల పిల్లలకు పైనే ఉంటాయి, అరుస్తున్నాయి.

“పడుకోవడమేంటి, ఇప్పుడే కదా తెల్లారింది,” అని స్టూలు ముందుకు లాక్కుని, పక్కనున్నవాళ్లకు తర్వాతి ట్రే తెమ్మని సైగ చేసింది.