నేల కింది నీళ్ళు విన్నవాడు

నీళ్ళ సరఫరా ఆఫీసులో అతన్ని అందరూ "చెవులాయన" అనేవారు. భూమిలో గొట్టం ఎక్కడ పగిలిందో పైనుంచే విని చెప్పడం అతని పని. రోడ్ల మీద ఇంకా బళ్ళు తిరగని వేళ నిలువెత్తు ఇనుపకడ్డీని నేలకి ఆనించి, పైకొసకి చెవిపెట్టి, ఊపిరి బిగబట్టి వినేవాడు. బుస కొడితే పగులు, గరగరలాడితే అతుకు ఊడినట్టు. సుద్దముక్కతో గుండ్రం చుట్టి "ఇక్కడ తవ్వండి" అనేవాడు. ఇరవై ఆరేళ్ళలో ఆ గుండ్రం గురి తప్పిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

ఇంట్లో మాత్రం మూడుసార్లు పిలిస్తేగానీ పలికేవాడు కాదు.

"ఊళ్ళో గొట్టాలన్నిటి మొరా ఆలకిస్తారు, నా గొంతొక్కటే మీ చెవిన పడదు," అని భార్య దెప్పేది. అతను నవ్వేసేవాడు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. దిగువ వీధులకి నాలుగు రోజులకోసారి, అదీ దారంలా నీళ్ళొచ్చేవి. అక్కడే అతని అక్క ఉండేది. మోకాళ్ళు అరిగిపోయిన మనిషి. ట్యాంకరు దగ్గర తోపులాటలో ఆవిడ బిందె నిండే వంతు ఎప్పుడూ రాదు.

"నీళ్ళాఫీసులో తమ్ముణ్ణి పెట్టుకుని నేను గొంతెండి చావాలేంట్రా?" అంది ఒకరోజు.

ఇంజినీరు కూడా అదే వారం పిలిచి, "ఆ లైన్లో ఎక్కడో పెద్ద లీకుంది, పట్టుకో," అన్నాడు.

దిగువకి పోయే పెద్ద గొట్టం వెంట మూడు వారాలు అడుగడుక్కీ ఆగి విన్నాడు. చివరికి సీసాల నీళ్ళ ఫ్యాక్టరీ ప్రహరీగోడ పక్కన కడ్డీ ఆనించి, అలాగే ఉండిపోయాడు. బుస లేదు, గరగర లేదు. గేదె కుడితి తొట్టిలో మూతి పెట్టినట్టు, నింపాదిగా, నిండుగా నీళ్ళు లోపలికి మళ్ళిపోతున్నాయి. గుండ్రం చుట్టి, ఆఫీసుకెళ్ళి ఉన్నదున్నట్టు రాసిచ్చాడు: లీకు కాదు, దొంగ కనెక్షను.

ఇంజినీరు ఆ కాగితం రెండుసార్లు చదివి, లేచి తలుపు మూశాడు.

"లీకని రాయవయ్యా, పనైపోతుంది."

"మరి తవ్వించండి సార్. లీకే అయితే నా ఉద్యోగం తీసెయ్యండి."

"ఇన్నాళ్ళూ మంచి పేరు తెచ్చుకున్నావు. కొరివితో తల గోక్కోవడం దేనికి?"

అతను కాగితం మార్చలేదు. పది రోజుల్లో, క్షేత్రస్థాయి సిబ్బందికి వినికిడి పరీక్ష అని ఉత్తర్వొచ్చింది. జాబితాలో ఉన్నది అతనొక్కడే.

డాక్టరు చెడ్డవాడేమీ కాదు. గాజుగదిలో కూర్చోబెట్టి, చప్పుడైనప్పుడల్లా మీట నొక్కమన్నాడు. ఎడమ చెవి దాదాపు పోయింది, కుడిది సగం.

"మీకు చాన్నాళ్ళుగా తక్కువే వినబడుతోంది," అన్నాడు జాలిగా.

"నీళ్ళ చప్పుడు నాకు తెలుస్తుందండీ. నా కడ్డీ ఇచ్చి చూడండి."

"ఈ ఫారంలో కడ్డీకి గడి లేదు బాబూ."

వినికిడి లోపమున్న ఉద్యోగి నివేదికని పరిగణించనక్కర్లేదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కడ్డీని స్టోరులో పడేశారు. అతన్ని తీసుకెళ్ళి ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చోబెట్టారు. ఆఫీసంతా పగలబడి నవ్వింది. అతను రిసీవరుని కుడిచెవికి అదిమిపెట్టి, "కాస్త గట్టిగా చెప్పండమ్మా," అని రోజంతా బతిమాలేవాడు.

ఒక మధ్యాహ్నం అక్క ఫోను చేసింది.

"ఆరు రోజులైందిరా. నీళ్ళెప్పుడు?"

"ఫ్యాక్టరీ వాళ్ళు తోడేసుకుంటున్నారక్కా. నా చెవులతో నేనే విన్నాను."



"నీకు వినబడదని డాక్టరే రాసిచ్చాడంటగా? మరదలు చెప్పింది," అంది మెల్లగా. అంత మెల్లగా అన్న ఆ మాటొక్కటీ అతనికి స్పష్టంగా వినిపించింది. "ఆ గొడవలన్నీ మనకెందుకుగానీ, ట్యాంకరెప్పుడో కనుక్కో."

సాయంత్రం ఇంటి కుళాయి దగ్గర రెండు చిన్న డబ్బాలు నింపి, సైకిలుకి కట్టుకుని దిగువకి బయల్దేరాడు. భార్య గుమ్మంలో నిలబడి చూసింది గానీ అడ్డు చెప్పలేదు. అక్క రెండు డబ్బాలూ చుక్క ఒలకకుండా బిందెలోకి ఒంపుకుంది. బిందె నిండలేదు.

"ఇంకొకటి తేలేకపోయావట్రా?" అంది.