ఎడమ చేతికి ఒక చాకు: ఆలూరు నుంచి వేంపల్లె దాకా

మా అన్న దేవదానం కుడిచెయ్యి మంగంపేట గనిలో రాయి కింద నలిగింది. వేళ్ళున్నాయి, పట్టు లేదు. గనికి పోకముందు ఆయన వేంపల్లె నర్సరీల్లో చీనీ, అంటే బత్తాయి, మొక్కలకు అంటు కట్టేవాడు. అక్కడి తోట యజమాని ఓబుల్‌రెడ్డి ఫోన్ చేసి, ఎడమచేత్తో కట్టగలిగితే పని ఇస్తానన్నాడు. వేరే పని ఇచ్చేవాళ్ళు లేరు. అందుకే ఈ ప్రయాణం: కడపలో ఒక్క చేత్తో తెరుచుకునే మడతచాకు ఎంచుకోవడం, అదే రోజు వేంపల్లెలో ఓబుల్‌రెడ్డికి ఎడమచేతి పని చూపించడం. నేను క్రైస్తవ సంఘాల్లో వాక్యం చెప్పే మనిషిని. గొంతు తగ్గించి రాయడం నాకు చేతకాదు, ఓర్చుకోండి.

మా ఊరు ఆలూరులో తెల్లవారి ఆరుకు బస్సెక్కితే గంటలోపే గుంతకల్లు. అక్కడినుంచి కడపకు రైలు మూడున్నర గంటలు, జనరల్ పెట్టెలో టికెట్ వంద లోపే. నేను వాక్యం తెరిచి అన్నకు ధైర్యం చెప్పబోయాను. ఆయన ఎడమచేత్తో శనక్కాయలు వలుచుకుంటూ, "నువ్వు చదువుకోప్పా. నాకు చెయ్యి ఖాళీ లేదు" అన్నాడు.

కడపలో వ్యవసాయ పనిముట్ల అంగడి సాయిబు మూడు చాకులు తీశాడు. మెరిసే స్టీలుది బరువు, వారంలో జేబు చిరుగుతుంది. కొయ్యపిడిది చేతిలో హాయిగా ఒదిగింది కానీ తెరవడానికి రెండో చేతి గోరు కావాలి. మూడోది సన్నని అంటుకత్తి, అలుగు మీద, అంటే బ్లేడు మీద, చిన్న బొడిపె ఉంది, బొటనవేలితో తోస్తే తెరుచుకుంటుంది. సాయిబు వాటిని చేతికివ్వకుండా గల్లా మీదే పెట్టాడు.

"చేతికియ్యి భాయ్, మాకా పట్టింపుల్లేవు" అన్నాను.

"నాకుండాయి సామీ. కత్తి చేతికిచ్చి నీతో తగువు యాడ పెట్టుకునేది?"

అన్న మూడోదాన్ని తీసుకుని తెరిచాడు, తొడకు ఆనించి మూశాడు, మళ్ళీ తెరిచాడు. చాలా నెలల తర్వాత ఆయన ముఖంలో నవ్వు చూశాను. "నీ ప్రసంగం కన్నా ఇది నయం లేప్పా. మడిస్తే మూతబడతాది." నేను అంగట్లోనే కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పాను.

వేంపల్లెకు బస్సులో గంటంపావు. అంటు పని ఇదీ: చీనీ కొమ్మ మీది మొగ్గను, దాన్నే కన్ను అంటారు, బెరడుతో పలచగా కోయాలి, జంబేరి నిమ్మ మొక్క బెరడు చీల్చి అందులో దింపి చుట్టాలి. ఓబుల్‌రెడ్డి తోటలో అన్న చేతిలో చాకు సులువుగానే తెరుచుకుంది. కోస్తుంటే మాత్రం అలుగు కట్టెలోకి దిగబడి, కన్ను రెండుగా తెగింది. మరో కొమ్మ తీసుకున్నా అదే. ఓబుల్‌రెడ్డి చాకును ఎండకు తిప్పి చూశాడు.

"ఇది ఒగ పక్కే సానబట్టింది దేవదానం, కుడిచేతోళ్ళ కోసరం. నీ చేతికి లోపలికే పోతాది."

"ఇంకో పక్క పట్టించుకొస్తాం రెడ్డీ" అన్నాను.

"సాయంత్రం లోపల తెస్తే చూస్తా. రేపు కూలోళ్ళొస్తాండారు, కన్నులు ఎండబెట్టుకోలేను కదప్పా."

ఊరంతా కొలిమి కోసం తిరిగాం. కొలిమి ఉండేదన్న చోట వెల్డింగ్ షాపు ఉంది. "కత్తుల పని మా నాయనతోనే పోయ. గ్రైండరు పెడితే అలుగు కాలిపోతాది, పదును నిలబడదు" అన్నాడు వెల్డరు. వాక్యంలో దేశమంతటా కమ్మరి లేని ఒక కాలం ఉంది. పనిముట్టుకు పదును కావాలంటే జనం శత్రువుల దగ్గరికి దిగిపోవలసి వచ్చేది. వాళ్ళకు శత్రువుల దగ్గరైనా ఒక కమ్మరి ఉన్నాడు. ఆ సాయంత్రం మాకు వెళ్ళడానికి శత్రువు కూడా లేడు.

పొద్దు వాలింది, రెడ్డి ఇచ్చిన గడువు దాటింది, పని పోయింది. తిరుగు బస్సులో అన్న నా వైపు తిరిగాడు. "ఆదివారం నా కోసరం ప్రార్థన పెట్టించబాకప్పా. చెయ్యికి పెట్టిస్తివి, పనికి పెట్టిస్తివి. ఇంగ జనం నా చెయ్యి పక్క చూడకుంటే చాలు." నేను వాక్యం సంచిలో పెట్టేశాను. దేవుడి మీద కోపం రావడం పాపమని ఎందరికో బోధించాను. ఆ బస్సులో కోపం తప్ప నా దగ్గర ఏమీ మిగల్లేదు.

మీరు ఎడమచేతి మనిషికి చాకు కొంటుంటే, అలుగు రెండు పక్కలా సానబట్టి ఉందో లేదో చూడండి. అంగట్లోనే ఆ చేతికిచ్చి ఒక పచ్చి కొమ్మ కోయించండి. మేము తెరుచుకోవడం ఒక్కటే చూశాం.