పెద్ద దుకాణం అప్పు, చంద్రవ్వ కొలత

తాండూరులో తన వాడకట్టున ఎవరింట్లో ఏది సొంతమో, ఏది కిస్తీలదో చంద్రవ్వకు తెలిసినంతగా ఆ ఇంటివాళ్లకు కూడా తెలియదు. పెరుగు తోడుకని వెళ్లి, ఫ్రిజ్ ఎక్కడిదో కనుక్కుని వస్తుంది. అందుకే కొత్తగా వెలసిన అద్దాల పెద్ద దుకాణం వాళ్లు ఆమె తన మిషన్‌లో ఆడించిన కందిపప్పంతా, డబ్బు తర్వాతిస్తామని ఉద్దెరకు అడిగినప్పుడు, మంచినీళ్ల వంకతో లోపలికి దూరింది.

"కొడుకా, గీ ఏసీలు మీయేనా?" అని మేనేజర్ పరమేశ్‌ను అడిగింది.

"లోన్ల తెచ్చినయ్ అవ్వా."

"బిల్డింగు?"

"కిరాయి."

"నీ మెడల టై అన్న నీదేనా?"

పరమేశ్ టై సర్దుకున్నాడు. "కంపెనీది. అయినా మాకు మూడువందల దుకాణాలున్నయ్. నెలన్నరల పైసలొస్తయ్, ఫికర్ చెయ్యకు."

ఫికర్ చేయక ఏం చేస్తుంది! ఆ పప్పు డబ్బుతోనే, పప్పు మిషన్ కోసం మహిళా సంఘంలో తెచ్చిన అప్పుకు కిస్తీ కట్టాలి.

ఇంటికొచ్చి, వికారాబాద్‌లో బీకాం చదివే మనవరాలు దేవికను కూర్చోబెట్టింది. దేవిక ఫోన్లో కంపెనీ లెక్కలు తీసింది.

"ఏండ్ల తరబడి కట్టే దీర్ఘకాలిక అప్పు చూడాలె నాయినమ్మా. ఆల్ల సొంత సొమ్ము రూపాయైతే, గా అప్పు రూపాయిన్నర."

"రూపాయోడు రూపాయిన్నర నెత్తిన పెట్టుకొని, మళ్ల నా పప్పు ఉద్దెరకు అడుగుతుండా! ఎంత మర్యాదస్తుడే!"

"నీ మిషన్ల నీ సొంతం లక్ష, సంఘం అప్పు రెండు లక్షలు. నీకన్న ఆల్లే నయం."

చంద్రవ్వ మొహం మాడింది. ఊరిని కొలిచే కొలత తన ఇంటివైపు తిరగడం ఆమెకు అలవాటు లేదు.

"నేను కిస్తీ తప్పితే మా లీడర్ మైసమ్మ సంఘపోళ్లందరిని తోల్కొచ్చి నా గడపల కూసుంటది. ఆల్ల గడపల ఎవరు కూసుంటరు? గది నీ ఫోన్ల ఉన్నదా?"

లేదు. మర్నాడు పప్పు తూకం వేయిస్తూ చంద్రవ్వ ఆ షరతే పెట్టింది: గడువు దాటితే సంఘమంతా వచ్చి కూర్చుంటుంది. పరమేశ్ నవ్వి సరేనన్నాడు. పెద్ద కంపెనీ, నవ్వుకేం కరువు!

నెలన్నర దాటింది. "హెడ్డాఫీసు చూస్తున్నది" అన్నాడు పరమేశ్. చూడనీ పాపం అనుకుని, చంద్రవ్వ, మైసమ్మ, సంఘం ఆడవాళ్లు జొన్నరొట్టెలు మూటగట్టుకెళ్లి అద్దాల తలుపుకు అడ్డంగా కూర్చున్నారు. ఎవరు కదిలినా తలుపు దానంతటదే తెరుచుకుని చల్లగాలి వదులుతోంది. సామాన్లకొచ్చినవాళ్లు చూసి వెనక్కి మళ్లుతున్నారు. ఇంకా మూట విప్పనే లేదు, చంద్రవ్వ ఫోన్‌కు డబ్బు పడ్డ మెసేజ్ వచ్చింది.

"గింత తొందరేమొచ్చె కొడుకా?" అని పరమేశ్‌ను అడిగింది చంద్రవ్వ, లేవకుండానే. "మైసమ్మకు ఇప్పుడిప్పుడే చెమటారుతున్నది. జర రొట్టె తిననియ్యి."

మైసమ్మ నవ్వలేదు. సంఘానికి డబ్బు కట్టే క్యూఆర్ కోడ్ తెరిచి, తన ఫోన్ ముందుకు చాపింది. "తింటం తియ్ అక్కా. ముందుగాల కిస్తీ ఎయ్యి."